కాళయుక్తి నాటి జ్వరం

నజ్ద్ చరిత్రలో హిజ్రీ 1337వ సంవత్సరానికి ఒక పేరుంది: 'సనత్ అర్-రహ్మా', అంటే కరుణ సంవత్సరం. క్రీస్తుశకం 1918-19. స్పానిష్ ఇన్‌ఫ్లుయెంజా రియాద్‌ను ఊడ్చేసిన ఏడు అది. పోయినవారికి దైవకృప కోరుతూ పెట్టుకున్న పేరు కాబోలు. ఇబ్న్ సౌద్ పెద్ద కొడుకు తుర్కీ, తరువాత రాజైన ఖాలిద్ తల్లి జౌహరా ఆ వ్యాధికే బలయ్యారు. రాజకుటుంబం కాబట్టి వీరి పేర్లు మిగిలాయి. మట్టిగోడల ఆ పట్టణంలో తక్కినవారి లెక్క రాసి పెట్టే కచేరీ ఏదీ?

మన వైపు రాసేవారున్నారు. మద్రాసు రాజధానిలో ఊళ్ళో చావుపుట్టుకలు మునసబు రిజిస్టరులో ఎక్కేవి. కలరా, మశూచి, ప్లేగులకు విడివిడి గడులుండేవి. ఈ కొత్త రోగానికి గడి లేదు, 'జ్వరం' గడిలో కలిసిపోయింది. పాపం, మునసబు మాత్రం ఏం చేస్తాడు, ఆయన వైద్యుడా? అందుకే శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ 1919లో వేరే దారి పట్టాడు. మామూలు సంవత్సరాల్లో అవే నెలల్లో ఎందరు పోయేవారో చూసి, పైన తేలినవారిని లెక్కించాడు. దేశం మొత్తం మీద 60 లక్షలన్నాడు. 1986లో మిల్స్ అనే పరిశోధకుడు తిరిగి లెక్కకట్టి, 1.7 నుండి 1.8 కోట్లన్నాడు.

ఇంతమందిని చంపినది ఒక్క ఇన్‌ఫ్లుయెంజాయేనా? వైద్యుడిగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. నాటి ఊపిరితిత్తుల నమూనాలను 2008లో మళ్ళీ పరీక్షిస్తే, చాలామందిలో చివరి దెబ్బ తీసింది వెనుకనే వచ్చిన బాక్టీరియా న్యుమోనియా అని తేలింది. దానికి తోడు 1918లో వానలు ముఖం చాటేశాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. తిండి లేని ఒంటికి జ్వరం వస్తే ఆ చావును ఏ గడిలో వేయాలి?

కోవిడ్ తరువాతా ఇదే తగువు. 2020-21లో భారతదేశంలో అదనపు మరణాలు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. ప్రభుత్వ లెక్కలో కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలే. ఆ అంచనాను ప్రభుత్వం ఒప్పుకోలేదు. పరీక్ష జరగని కోవిడ్ మరణాలతో పాటు, ఆసుపత్రిలో చోటు దొరకక పోయిన గుండెజబ్బువారు, డయాలిసిస్ తప్పినవారు కూడా ఈ అదనంలోకే వస్తారు.

మన పంచాంగంలో 1918-19 కాళయుక్తి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను అడిగి చూడండి. ఆశ్వయుజ, కార్తీకాల్లో ఒకే వారంలో రెండు మూడు తద్దినాలు పడే ఇళ్ళుంటే, చర్చి రిజిస్టరులోనో కబరస్తాన్ రాళ్ళ మీదో ఆ ఏటి పేర్లు గుంపుగా కనిపిస్తే, రాసి తీసుకురండి.