లో-బ్యాటరీ కటాఫ్
లో-బ్యాటరీ కటాఫ్ అనేది లెడ్ యాసిడ్ బ్యాటరీ ఓల్టేజి నిర్ణీత స్థాయికి పడిపోగానే లోడును విడదీసి, బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండా కాపాడే సర్క్యూట్. గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించిన ఈ రకం బ్యాటరీని పూర్తిగా దించి వదిలేస్తే పలకలపై లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆపై ఛార్జింగ్ సరిగా ఎక్కదు. ఇళ్లలో, దుకాణాల్లో ఇన్వర్టర్‌కు కలిపే 12 ఓల్టుల బ్యాటరీలో 6 సెల్స్ ఉంటాయి, సెల్‌కు 1.75 చొప్పున 10.5 ఓల్టులు సాధారణ హద్దు. ఓల్టేజిని ఈ హద్దుతో పోల్చే కంపారేటర్, అది హద్దుకు పడిపోగానే కనిపెట్టి, స్విచ్‌గా పనిచేసే రిలేనో మాస్‌ఫెట్‌నో ఆపేస్తుంది. లోడు తీయగానే ఓల్టేజి కాస్త పైకి లేస్తుంది కాబట్టి తిరిగి కలిపే స్థాయిని 12 ఓల్టులకు పైన పెడతారు. లేదంటే రిలే టకటకా కొట్టుకుంటుంది. కటాఫ్ అయ్యాక కూడా సర్క్యూట్ కొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటుంది. నెలల తరబడి తాళం వేసిన ఇంట్లో అదీ చేటే.