గేమ్ వెళ్లిపోతోంది: ఆటల అద్దెకు నలభై ఏళ్ల కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న లేబుల్ గురించి. "త్వరలో వెళ్లిపోతుంది" అని గేమ్ బొమ్మ మీద కనిపిస్తుంది చూశారా, దాని గురించే.

పరీక్షలు అయిపోయాయి. తీరిగ్గా కూర్చున్నారు. కథ సగానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ లేబుల్ కనబడుతుంది. ఇంకో రెండు వారాలే టైమ్. ముందు కోపం వస్తుంది. "నెల నెలా డబ్బులు కడుతున్నాను కదా, నా గేమ్ ఎలా తీసేస్తారు?" అని. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ వాక్యంలో ఒక్క మాట తప్పు. "నా" అనే మాట. అది ఎందుకు తప్పో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకసారి మీ అమ్మమ్మనో పెద్దమ్మనో అడగండి. మన ఊళ్లలో నవలలు అద్దెకిచ్చే షాపులు ఉండేవి. యద్దనపూడి సులోచనారాణి నవలైనా, యండమూరి వీరేంద్రనాథ్ నవలైనా కొనేవాళ్లకంటే అద్దెకు తెచ్చుకుని చదివేవాళ్లే ఎక్కువ. పుస్తకం రేపు తిరిగిచ్చేయాలంటే రాత్రంతా కూర్చుని చదివేసేవాళ్లు. ఆ పుస్తకం తమది కాదని వాళ్లకి స్పష్టంగా తెలుసు. అందుకే ఆ తొందర. మనకి తొందర లేదు, ఎందుకంటే యాప్‌లో "మై లైబ్రరీ" అని రాసి ఉంటుంది.

సరే, ఇప్పుడు గేమ్స్ దగ్గరికి వద్దాం. నెలవారీ గేమ్స్ అంటే ఈమధ్య పుట్టిన ఐడియా అనుకుంటాం. కాదు. 1981 ప్రాంతంలోనే అమెరికాలో ప్లేకేబుల్ అనే సర్వీస్ ఉంది. మ్యాటెల్ కంపెనీ ఇంటెలివిజన్ అనే గేమ్ మెషీన్‌కి ఒక అడాప్టర్ తగిలిస్తే, కేబుల్ టీవీ వైరులోంచే గేమ్స్ వచ్చేవి. నెల నెలా లిస్టు మారేది. అంటే "ఈ నెల ఉంది, వచ్చే నెల లేదు" అనే బాధ సబ్‌స్క్రిప్షన్‌తో పాటే పుట్టింది. కొత్త గేమ్స్ సైజు పెరిగింది, అడాప్టర్ మెమరీ సరిపోలేదు, కొన్నేళ్లకే అది మూతపడింది.

1983లో గేమ్‌లైన్ వచ్చింది. ఇది అటారీ 2600 కోసం. ఈసారి ఫోన్ లైన్. దాదాపు ఒక డాలర్ కడితే ఒక గేమ్ దిగుతుంది. దాన్ని కొన్నిసార్లు ఆడొచ్చు, తర్వాత మళ్లీ కట్టాలి. అదే ఏడాది అమెరికాలో గేమ్స్ మార్కెట్ కుప్పకూలింది, గేమ్‌లైన్ కూడా నిలబడలేదు. కానీ ఆ కంపెనీ అవశేషాల్లోంచే తర్వాత అమెరికా ఆన్‌లైన్ పుట్టింది.

తర్వాత 1994 డిసెంబర్‌లో సెగా ఛానెల్. నెలకి దాదాపు 15 డాలర్లు, సుమారు 50 గేమ్స్. మళ్లీ కేబుల్ వైరే. గేమ్ అడాప్టర్‌లోని 4 మెగాబైట్ల మెమరీలోకి దిగేది. మెషీన్ ఆపేస్తే గేమ్ మాయం. మళ్లీ ఆన్ చేసి మళ్లీ దించుకోవాలి. నెల మారితే లిస్టు మారేది. మెగా మ్యాన్: ద వైలీ వార్స్ అనే గేమ్ ఆ రోజుల్లో అమెరికాలో కార్ట్రిడ్జ్‌గా రానేలేదు, ఈ ఛానెల్‌లోనే వచ్చింది. 1998లో ఛానెల్ ఆగిపోయింది. ఆ పిల్లలకి ఇక ఆ గేమ్ కొనుక్కుందామన్నా షాపులో లేదు.

ఇంకా గట్టి దెబ్బ జపాన్‌లో తగిలింది. 1995 ఏప్రిల్‌లో నింటెండో శాటెలావ్యూ అనే సర్వీస్ మొదలుపెట్టింది. శాటిలైట్ ద్వారా గేమ్స్ ప్రసారం చేసేవాళ్లు. ఆ ఆగస్టులో జెల్డా సిరీస్‌లోంచి ఒక ప్రత్యేక గేమ్ ప్రసారం చేశారు. అది ఫలానా రోజు, ఫలానా గంటలోనే ఆడాలి. మీరు ఆడుతుంటే కథ చెప్పే గొంతులు, సంగీతం శాటిలైట్ నుంచి నేరుగా వచ్చేవి. ఇక్కడ కిటుకు ఏంటంటే, గేమ్ మెమరీ ప్యాక్‌లోకి దిగేది కానీ గొంతు దిగేది కాదు. 2000 జూన్‌లో ప్రసారాలు ఆగిపోయాయి. తర్వాత అభిమానులు పాత మెమరీ ప్యాకులు వెతికి కొని, వాటిలో ఏం మిగిలిందో బయటికి తీశారు. మరి గొంతులు? అప్పట్లో ఎవరో ఆడుతూ ఆడుతూ వీడియో టేపు మీద రికార్డు చేసుకున్నారు కాబట్టి కొన్ని దక్కాయి. కంపెనీ ఆపేసినదాన్ని ఇళ్లల్లోని టేపులు కాపాడాయన్నమాట.

ఇక మన కాలానికి వద్దాం. 2017 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ మొదలైంది. అమెరికాలో నెలకి 9.99 డాలర్లు, వందకి పైగా గేమ్స్. ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు గమనించండి. సెగా ఛానెల్ రోజుల్లో గేమ్ పోవడానికి మెమరీ కూడా ఒక కారణం. ఇప్పుడు గేమ్ మొత్తం మీ డిస్క్‌లోనే ఉంటుంది. 100 జీబీ స్థలం ఆక్రమించి కూర్చుంటుంది. కానీ తెరుచుకోదు. ఇల్లు అక్కడే ఉంది, తాళం చెవి మాత్రం మారిపోయింది. ఆ తాళం చెవి పేరు లైసెన్స్.

జీటీఏ 5 సంగతి చూడండి. 2020 జనవరిలో గేమ్ పాస్‌లోకి వచ్చింది. నాలుగు నెలలకి, మే 7న వెళ్లిపోయింది. అదే రోజు అదే కంపెనీవాళ్ల రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చింది. జీటీఏ 5 మళ్లీ 2021 ఏప్రిల్‌లో వచ్చి ఆగస్టులో వెళ్లింది. 2023 జూలైలో వచ్చి 2024 జనవరిలో వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. పుట్టింటికీ అత్తింటికీ తిరిగినట్టు తిరిగింది. కారణం సింపుల్. గేమ్ తయారు చేసిన కంపెనీ, సర్వీస్ నడిపే కంపెనీ కొంతకాలానికి ఒప్పందం రాసుకుంటాయి. గడువు తీరాక మళ్లీ రాసుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

"సర్వీస్ నడిపేవాళ్ల సొంత గేమ్ అయితే భయం లేదు కదా?" అంటారేమో. ఫోర్జా హొరైజన్ 4 మైక్రోసాఫ్ట్ సొంత గేమే. 2018 అక్టోబర్‌లో వచ్చింది. కానీ అందులోని కార్లు వేరే కంపెనీలవి, పాటలు వేరేవాళ్లవి. వాటి లైసెన్స్‌ల గడువు తీరుతుంటే 2024 డిసెంబర్ 15న గేమ్‌ని అమ్మకం నుంచే తీసేశారు, గేమ్ పాస్ నుంచి కూడా. ముందే కొనుక్కున్నవాళ్లు ఇప్పటికీ ఆడుకోవచ్చు. సబ్‌స్క్రిప్షన్ మీద మాత్రమే ఆడినవాళ్లకి దారి మూసుకుపోయింది. అద్దెకీ కొనడానికీ తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

మన ఫోన్లలో కూడా ఇదే కథ. 2019 సెప్టెంబర్‌లో యాపిల్ ఆర్కేడ్ వచ్చింది. 2022లో గూగుల్ ప్లే పాస్ నెలకి 99 రూపాయలకి మన దేశానికి వచ్చింది. ఆ ఏడాదే యాపిల్ ఆర్కేడ్ నుంచి మొదటిసారి ఒక బ్యాచ్ గేమ్స్ వెళ్లిపోయాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 చివర్లో గేమ్స్ మొదలుపెట్టి, 2023 డిసెంబర్‌లో పాత జీటీఏ గేమ్స్ మూడూ పెట్టింది. వైస్ సిటీ అంటే మన నెట్ సెంటర్ల తరానికి ఒక ఎమోషన్. అన్నయ్యలు గంటకి ఇంత అని కట్టి ఆడిన గేమ్ తమ్ముళ్ల ఫోన్‌లోకి వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2024 డిసెంబర్‌లో, వైస్ సిటీ వెళ్లిపోయింది. మాన్యుమెంట్ వ్యాలీ 3 అయితే 2024 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోనే విడుదలై, 2025 జూలైలో అక్కడి నుంచి బయటికొచ్చి, ఆ నెలలోనే వేరే చోట్ల అమ్మకానికి వచ్చింది.

మరి మనం ఏం చేయాలి? చరిత్ర చూశాక నాకు తోచినవి చెప్తాను.

ఒకటి, వెళ్లిపోయే లిస్టుని నెలకోసారైనా చూడండి. గేమ్ పాస్ సాధారణంగా రెండు వారాల ముందు చెప్తుంది. వెళ్లేలోపు కొనుక్కుంటే 20 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. కొనాలంటే అదే మంచి టైమ్.

రెండు, పెద్ద గేమ్ మొదలుపెట్టేముందు అది ఎప్పుడొచ్చిందో చూడండి. వచ్చి ఏడాది దాటితే, ముందు దాన్నే ముగించండి.

మూడు, సబ్‌స్క్రిప్షన్ గేమ్‌కి ఎక్స్‌ట్రా ప్యాకులు కొనేముందు ఆగండి. అసలు గేమ్ వెళ్లిపోతే ఆ ప్యాకులు ఒక్కటే ఏ పనికీ రావు.

నాలుగు, గేమ్ వెళ్లినంతమాత్రాన మీ సేవ్ పోయిందని అనుకోకండి. ఎక్స్‌బాక్స్‌లో సేవ్ క్లౌడ్‌లో ఉంటుంది. గేమ్ కొన్నా, తిరిగి వచ్చినా, ఆపిన చోటినుంచే మొదలుపెట్టొచ్చు. ఫోన్ గేమ్స్‌లో ఇది ఆ గేమ్ తయారు చేసినవాళ్ల మీద ఆధారపడుతుంది, ముందే కనుక్కోండి.

అలాగని "అన్నీ కొనేద్దాం" అని కూడా అనను. 99 రూపాయలకి వంద గేమ్స్ రుచి చూడటం మనలాంటి వాళ్లకి చిన్న విషయం కాదు. పైగా డిజిటల్‌గా కొన్నది కూడా చాలాసార్లు లైసెన్సే. కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది. "కొనండి" అని బటన్ పెడితే, మీకు దక్కేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పాలి అని. అది 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంటే "కొనండి" అనే మాట కూడా ఇంతకాలం పూర్తి నిజం చెప్పలేదన్నమాట.

అందుకే నేను చేసేది ఇది. వంద గేమ్స్ అద్దెకి ఆడతాను. ఏడాదికి ఒకటో రెండో, నిజంగా మనసుకి పట్టినవి, కొనుక్కుంటాను. ఆడేటప్పుడు నచ్చిన చోట ఒక చిన్న వీడియో తీసి పెట్టుకుంటాను. 1995లో జపాన్‌లో ఎవరో టేపు పెట్టారు కాబట్టే ఈరోజు ఆ గొంతులు మనకి వినిపిస్తున్నాయి. వాళ్లకి అప్పుడు చరిత్ర కాపాడుతున్నామని తెలియదు, ఆట నచ్చింది అంతే.

మీ చేతిలోంచి సగంలో వెళ్లిపోయిన గేమ్ ఏది? కింద రాయండి, అన్నీ చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు ఆ లిస్టు ఒకసారి చూసుకోండి.