పెరటిలో తేనెపట్టు: తరమడం కంటే తప్పుకోవడమే క్షేమం

పెరటి మామిడి కొమ్మకో, మేడమీది నీళ్ల ట్యాంకు అడుగునో తేనెపట్టు కనిపించగానే కాగడా వెలిగించడం పాత అలవాటు. ప్రమాదం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. పూల మీద వాలిన తేనెటీగ, నొక్కితే తప్ప సాధారణంగా కుట్టదు. పట్టును కాచుకొనే తేనెటీగ తీరు వేరు.

పొద కొమ్మకు అరచేయంత ఒంటి పట్టు కట్టేది చిన్న తేనెటీగ. దానివల్ల ముప్పు తక్కువ. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో వరుసలుగా పట్లు పెట్టేది, పెట్టెల్లోనూ పెరిగేది భారతీయ తేనెటీగ. నిజంగా జాగ్రత్త పడవలసింది కొండ తేనెటీగతోనే. ఎత్తయిన కొమ్మలకు, భవనాల చూరులకు వేలాడే దాని పట్టు ఒక్కోసారి మీటరు వెడల్పు దాటుతుంది. దానిని కప్పిన ఈగల మీద అలలు పరుగెత్తినట్లు కనిపిస్తే అవి అప్రమత్తమయ్యాయని గ్రహించాలి. గద్ద వచ్చి పట్టును కదిపినా అవి రేగుతాయి. అప్పుడు కింద ఉన్నవారి తప్పేమీ ఉండదు.

ఈగ కుట్టిన చోట ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. దానితో పాటు వెలువడే రసాయనానికి మాగిన అరటిపండు వాసన ఉంటుంది. మిగతా ఈగలకు అదే పిలుపు. నిలబడి చేతులు విసిరితే, ఈగను నలిపితే దాడి పెరుగుతుంది. ముఖం కప్పుకొని ఆగకుండా పరుగెత్తి, గదిలోకి చేరి తలుపు వేసుకోవాలి. కొండ తేనెటీగలు వంద మీటర్లకు పైగా వెంటాడగలవు. నీళ్లలో మునిగినా ప్రయోజనం లేదు. తల ఎత్తేవరకు అవి పైనే తిరుగుతుంటాయి.

ముల్లును గోటితో గీకాలా, వేళ్లతో లాగాలా అన్న చర్చ అనవసరం. విషపు సంచి ముల్లుతోనే ఉండి విషాన్ని పంపుతూనే ఉంటుంది కనుక ఎలాగైనా వెంటనే తీయాలి. సున్నం కోసం వెతికేలోగా విలువైన క్షణాలు పోతాయి. ఊపిరి అందకపోవడం, నాలుక, గొంతు వాపు, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే కుట్టింది ఒక్క ఈగే అయినా ప్రాణాపాయమే. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఈ స్థితిలో ఇవ్వవలసిన మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. పదుల సంఖ్యలో ఈగలు కుట్టినవారు బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. విషం మూత్రపిండాలను తరువాతి రోజుల్లో దెబ్బతీయవచ్చు.

కొండ తేనెటీగ వలసజీవి. పూలు తగ్గగానే పట్టు వదిలి వెళ్లిపోతుంది. పట్టు ఎత్తున, నడిచే దారికి దూరంగా ఉంటే ఆ కొన్ని నెలలు ఓపిక పట్టడమే మేలు. పెరటిలో గుమ్మడి, దోస పాదులకు కాయలు నిలిచేదీ ఇలాంటి ఈగలు పుప్పొడి చేరవేయడం వల్లనే. అంతవరకు ఆ చెట్టు కింద పొగ, టపాసులు, కొమ్మలు నరకడం, గడ్డి కోసే యంత్రం వద్దు. రాత్రివేళ అవి వెలుతురుకు చేరతాయి కనుక సమీపంలోని దీపాలు ఆర్పాలి. అక్కడ పశువును గాని, కుక్కను గాని కట్టరాదు. గొలుసు తెంచుకొని పారిపోలేక చిక్కుకొనేది అవే. గుమ్మానికి ఎదురుగా తల ఎత్తులో పట్టు ఉంటే తొలగించక తప్పదు. అది రక్షణ దుస్తులున్న అనుభవజ్ఞుల పని. పురుగుమందు చల్లిన పట్టులోని తేనెను తినరాదు. ఈగలు వెళ్లిపోయాక మిగిలిన మైనాన్ని గీకివేయడం మంచిది, పాత చోటికే అవి మళ్లీ రావడం కద్దు.