కుర్సీ ఎక్కిన వకీలు

మనవాడొకడు మంత్రయ్యాడని తెలిస్తే చాలు, బస్తీలో మిఠాయిలు పంచుతారు. ఛాయ్ హోటల్లో ఆ రోజంతా అదే ముచ్చట. అప్పుడల్లా నాకు ఉగాండా వకీలు అబూ మయాంజా గుర్తొస్తాడు.

ఆ దేశంలో కూడా ముస్లింలు మైనారిటీయే. 1952లో ఉగాండా నేషనల్ కాంగ్రెస్ పుట్టినప్పుడు దాని తొలి ప్రధాన కార్యదర్శి ఇతనే. అప్పటికి ఇరవై రెండేళ్లవాడు. అదే ఏడు తిండి బాగా లేదని సమ్మె చేయించినందుకు మకెరెరె కాలేజీ వెళ్లగొట్టింది. కేంబ్రిడ్జి వెళ్లాడు, వకీలై తిరిగొచ్చాడు, పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1967లో ఒబోటె తెచ్చిన కొత్త రాజ్యాంగాన్ని సభలో నిలబడి ఎదిరించాడు.

1968లో 'ట్రాన్సిషన్' పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. ఆ పత్రిక నడిపినవాడు కంపాలాలో పుట్టిన బెంగాలీ, రజత్ నియోగీ. హైకోర్టులో ఆఫ్రికన్ జడ్జీల్ని ఎందుకు వెయ్యట్లేదని ఆ ఉత్తరంలో అడిగాడు. తెగల లెక్కలే అడ్డమని వకీళ్లలో తిరుగుతున్న వదంతిని, తాను నమ్మనంటూనే ప్రస్తావించాడు. అదే నేరమైంది. అక్టోబరులో ఇద్దర్నీ పట్టుకెళ్లారు. పెట్టిన కేసు రాజద్రోహం. మన పాత 124-ఏ లాగా అదీ తెల్లదొర వదిలిపోయిన ఆస్తే. 1969లో కోర్టు నిర్దోషులంది. అయినా మళ్లీ కైదు చేశారు. నియోగీ ఆ ఏడే బయటపడ్డాడు. మయాంజాకు 1970 దాకా జైలే.

1971లో సైన్యంతో ఈదీ అమీన్ వచ్చాడు. ముస్లిం. జైలు చూసొచ్చిన వకీలు అతని ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. ఇక మన రోజులొచ్చాయని ఎందరనుకున్నారో! ఆ ప్రభుత్వమే 1972లో 90 రోజుల గడువిచ్చి ఆసియావాళ్లను తరిమేసింది. పోయినవాళ్లలో గుజరాతీ ముస్లింలూ ఉన్నారు. ఆ సెప్టెంబరులోనే ప్రధాన న్యాయమూర్తి బెనెడిక్టో కివానుకాను హైకోర్టులోంచే సైనికులు ఈడ్చుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు. ఆఫ్రికన్ జడ్జీ కావాలని మయాంజా ఉత్తరం రాసిన నాలుగేళ్లకు, కుర్చీలో ఉన్న ఆఫ్రికన్ జడ్జీ గతి అది.

1979లో అమీన్ పారిపోయాడు. పడమటి ఉగాండాలో లెక్క చెల్లించింది మామూలు ముస్లింలు. అమీన్ మతస్థులన్న పేరుతో వాళ్లను చంపారు. ఏ కుర్సీలోనూ వాళ్లు కూర్చోలేదు.

మయాంజా 1986 తర్వాత మ్యుసెవెనీ ప్రభుత్వంలో మళ్లీ మంత్రయ్యాడు, అటార్నీ జనరల్ కూడా అయ్యాడు. 2005లో చనిపోయాడు. అతన్ని జైలుకు పంపిన ఆ రాజద్రోహ చట్టాన్ని ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం 2010లో కొట్టేసింది. చూడటానికి అతను లేడు.

ఆయన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు. జైలుకెళ్లిన ధైర్యం నాకెక్కడిది? కానీ ఖౌమ్‌కు ఆయన ఇచ్చింది ఏదని అడిగితే, మంత్రి పదవులు నాకు కనబడవు. ఆ ఉత్తరమే కనబడుతుంది. అందులో ఆయన ముస్లింల కోసం ఏమీ అడగలేదు. అందరికీ ఇన్సాఫ్ అడిగాడు. మనవాడు మంత్రయినప్పుడు మిఠాయి తిందాం, తప్పులేదు. తిన్నాక ఆ ఉత్తరం మనమూ రాయాలి, మనవాడికే రాయాలి.