ఈర్ష్య నడిపిన కథ: ‘కళాపూర్ణోదయం’ నవలాత్వ చర్చ – కట్టమంచి విమర్శ

ఉపోద్ఘాతం

పింగళి సూరన 16వ శతాబ్దంలో రచించిన ‘కళాపూర్ణోదయం’ ఎనిమిది ఆశ్వాసాల ప్రబంధం. దీనిని పద్యరూపంలో వెలసిన నవలగా భావించే దృష్టి ఆధునిక విమర్శలో బలంగా ఉంది. ఆ దృష్టికి భూమికను సిద్ధం చేసిన గ్రంథాలలో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ (1914) ప్రధానమైనది. కావ్యాన్ని అంకితం పొందినవాడు నంద్యాల కృష్ణమరాజు. దానికి కొత్త పాఠకులను సంపాదించిన విమర్శకుడు చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచివాడు. కనుక పాకాల, చిత్తూరు, తిరుపతి ప్రాంతాల తెలుగు అధ్యయనానికి ఇది స్వస్థలానికి సంబంధించిన చర్చ కూడా. ఈ కావ్యంలో కథను నడిపే శక్తి ఈర్ష్య అని, నవల అనే కొలమానం ఆ శక్తిని గుర్తించడానికి తోడ్పడుతూనే దాని మూల్యాన్ని మరుగుపరచిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పురాణ మూలాలు – సూరన మార్పులు

రంభా నలకూబరులు సూరన సృష్టించిన పాత్రలు కారు. రామాయణ ఉత్తరకాండలో నలకూబరుని వద్దకు వెళ్తున్న రంభను రావణుడు బలాత్కరిస్తాడు; నలకూబరుడు రావణుని శపిస్తాడు. నారదుడు తుంబురునిపై మాత్సర్యంతో శ్రీకృష్ణుని అంతఃపురంలో సంగీతం అభ్యసించిన కథ లింగపురాణంలో ఉంది. సూరన ఈ రెండు వృత్తాంతాల నుండి పాత్రలను గ్రహించి, వారి మధ్య కలభాషిణి అనే ద్వారకా నగర వేశ్యను, మణికంధరుడనే నారద శిష్యుని నిలిపాడు. దీనితో సంఘర్షణ స్వభావమే మారింది. ఉత్తరకాండలో శాపానికి కారణం బయటి నుండి వచ్చిన దౌర్జన్యం. ఇక్కడ ప్రేమలోనే ఇమిడి ఉన్న స్వాధీన భావం.

ఈర్ష్య: కథను కదిలించే శక్తి

నలకూబరుని ప్రేమ తనకే సొంతమని రంభ అతిశయంతో పలుకుతుంది. అది సహించలేని నారదుడు ఆమెకు పోటీ తప్పదన్నట్లు మాట్లాడతాడు. నలకూబరునిపై మనసుపడిన కలభాషిణికి ఆ మాటే ఆశాబీజం. నారదుని అనుగ్రహంతో ఆమె రంభ రూపం ధరిస్తుంది. మరోవైపు మణికంధరుని తపోభంగానికి వచ్చిన రంభ మనసు నలకూబరునిపైనే నిలవడంతో, అతడు నలకూబరుని రూపం దాలుస్తాడు. చివరకు ఇద్దరు రంభలు ఒక నలకూబరుని కోసం కలహిస్తారు. ఆ నలకూబరుడూ నిజం కాదు.

ఈ ఘట్టంలోని హాస్యం విమర్శకులను ఆకర్షించింది. అయితే దీని పర్యవసానం హాస్యం కాదు. రంభ కలభాషిణిని, నలకూబరుడు మణికంధరుని శపిస్తారు. కలభాషిణి ఖడ్గానికి బలి అవుతుంది. మరుజన్మలో ఆమె మధురలాలస, మణికంధరుడు కళాపూర్ణుడు. అంటే ఆమెకు దక్కింది తాను కోరిన నలకూబరుడు కాదు. ఆ రూపం ధరించినవాడు. అప్పటికే అభినవకౌముది ఉండడంతో అక్కడా సాపత్న్యం తప్పలేదు.

కట్టమంచి దృష్టి

కట్టమంచి 1880లో జన్మించే నాటికి ఆయన స్వగ్రామం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోను చదివిన ఆయన సూరన రచించిన ‘కళాపూర్ణోదయం’, ‘ప్రభావతీప్రద్యుమ్నం’ కావ్యాలను ఆధారంగా తీసుకొని కవిత్వ తత్త్వాన్ని చర్చించాడు. వర్ణనాధిక్యాన్ని నిరసించి, కథాసంవిధానానికి, పాత్రపోషణకు, భావనాశక్తికి పెద్దపీట వేశాడు. ఆనాటికి తెలుగు నవల వయస్సు తక్కువ. ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో వెలువడగా, కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ ప్రచురణ 1878లో ఆరంభమైంది. కార్యకారణ బద్ధమైన కథకు విలువ పెరుగుతున్న కాలంలో సూరన కట్టమంచికి పూర్వ కవులలో మిన్నగా కనిపించడం సహజం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ‘ద సౌండ్ ఆఫ్ ద కిస్’ పేరుతో దీనిని ఆంగ్లంలోకి అనువదించి నవలగా పరిచయం చేయడంతో చర్చ తెలుగు ఎల్లలు దాటింది.

నవల కొలమానం – పరిమితులు

కథాసంవిధానాన్ని మెచ్చుకొనే పఠనంలో కలభాషిణి మరణం కథలోని ఒక చిక్కుముడిగా మాత్రమే మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ అలంకారశాస్త్రం తోడ్పడుతుంది. విప్రలంభ శృంగారంలో మానం రెండు విధాలు: ప్రణయమానం, ఈర్ష్యామానం. కావ్యకథకు మూలం బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ. ఆ కథలోని మణిస్తంభుడు, సుముఖాసత్తి వంటి పేర్లు ఆ దంపతుల ప్రణయక్రీడ నుండి పుట్టినవే. సరస్వతి ముఖం తిప్పుకోవడం ప్రణయమానం. దానికి ప్రాయశ్చిత్తం అక్కరలేదు. అదే భావం రంభ వద్ద ఈర్ష్యామానమై, కలభాషిణి వద్ద ప్రాణహానిగా పరిణమించింది. దేవతల క్రీడ కింది మెట్టున ఉన్న స్త్రీకి శిక్ష అయింది. రంభ అప్సరస, కలభాషిణి భూలోక వేశ్య అన్న అంతరాన్ని విస్మరిస్తే ఈ పరిణామం అర్థం కాదు.

ముగింపు

‘కళాపూర్ణోదయం’ నవల అవునా కాదా అన్న ప్రశ్నకు నిర్వచనాన్ని బట్టి రెండు సమాధానాలూ సాధ్యమే. కథ అల్లికకు కట్టమంచి ఇచ్చిన గౌరవం నేటికీ నిలిచేదే. దానికి జోడించవలసినది ఒకటుంది. ఈ అల్లికలో ప్రతి ముడినీ ఈర్ష్య వేసింది. ఆ ముడి విప్పడానికి కలభాషిణి తన ప్రాణం ఇచ్చింది. తరగతి గదిలో సూరన కథానైపుణ్యాన్ని బోధించేటప్పుడు ఆమె పక్షాన కూడా కావ్యాన్ని చదివినప్పుడే, పురాణ పాత్రలతో కవి చేసిన పునఃసృష్టి సమగ్రంగా అవగతమవుతుంది.