ఈస్ట్ చీమ్ పెద్దమనిషి

1965 సెప్టెంబరులో భారత సేనలు లాహోర్ దిక్కుగా అంతర్జాతీయ సరిహద్దు దాటినప్పుడు, బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ భారత్‌ను తప్పుపడుతూ ప్రకటన చేశారు. మన దేశంలో ఆగ్రహం భగ్గుమంది. ఢిల్లీలో ఆ వేడిని నేరుగా ఎదుర్కోవలసి వచ్చినవారు బ్రిటిష్ హైకమిషనర్ జాన్ ఫ్రీమన్. మన దౌత్య చరిత్ర చదివేవారికి ఆయన పేరు ప్రధానంగా ఆ సందర్భంలోనే తగులుతుంది. బ్రిటన్‌లో ఒక తరానికి మాత్రం ఆయన మరో విధంగా గుర్తు. బీబీసీ టెలివిజన్‌లో ‘ఫేస్ టు ఫేస్’ అనే కార్యక్రమంలో, తన ముఖం తెరపై కనబడకుండా కూర్చుని, ఎదుటి మనిషిని నిదానంగా, నిర్దాక్షిణ్యంగా ప్రశ్నించిన గొంతు ఆయనది. ఆ కుర్చీలో కూర్చున్నవారిలో తత్వవేత్తలు, నాయకులు, రచయితలు ఉన్నారు. 1960 ఫిబ్రవరిలో ఒక హాస్యనటుడు కూడా కూర్చున్నారు. ఆయన పేరు టోనీ హాన్‌కాక్.

నవ్వించే మనిషి గురించి రాజకీయ వ్యాఖ్యాత రాయడమేమిటన్న సందేహం రావచ్చు. అయితే ఒక సామ్రాజ్యం కుంచించుకుపోతున్న కాలంలో ఆ దేశం తనను తాను ఎలా చూసుకున్నదో తెలుసుకోవడానికి పార్లమెంటు చర్చల కంటే హాన్‌కాక్ అరగంట కార్యక్రమం కొన్నిసార్లు మెరుగైన సాక్ష్యం. పదిమంది కలిసి కట్టిన కట్టడాన్ని ఒక్క ముఖం తనదేననుకుంటే ఏమవుతుందో కూడా ఆయన జీవితం చెబుతుంది. ఈ రెండో సంగతి మన రాజకీయాలకు కొత్తది కాదు.

హాన్‌కాక్ 1924 మే 12న బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. పెరిగినది దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌లో. తల్లిదండ్రులు అక్కడ హోటల్ నడిపేవారు. వేదికల మీద వినోదం పంచే అలవాటున్న తండ్రి, కొడుకు బాల్యంలోనే కన్నుమూశారు. అన్న కోలిన్ వైమానిక దళంలో పనిచేస్తూ రెండో ప్రపంచ యుద్ధంలో మరణించారు. టోనీ కూడా వైమానిక దళంలోనే చేరి, సైనికులకు వినోదం అందించే బృందంలోకి చేరుకున్నారు. యుద్ధం ముగిశాక లండన్‌లోని విండ్‌మిల్ థియేటర్‌లో, అటు తరువాత రేడియోలో నిలదొక్కుకున్నారు. 1951లో ‘ఎడ్యుకేటింగ్ ఆర్చీ’ అనే రేడియో కార్యక్రమం ఆయనను ఇంటింటికీ పరిచయం చేసింది. అందులో ఆయన ఒక మాట్లాడే బొమ్మకు పాఠాలు చెప్పే మాస్టారు!

ఆ కాలంలోనే ఆయనకు ఇద్దరు యువ రచయితలు తారసపడ్డారు: రే గాల్టన్, అలన్ సింప్సన్. వీరి స్నేహం మొదలైనది క్షయ వైద్యశాలలో. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసులో మిల్ఫర్డ్ శానిటోరియంలో మంచాలకు పరిమితమైన ఆ ఇద్దరూ, తోటి రోగుల కోసం ఆస్పత్రి లోపలి రేడియోకు హాస్యం రాస్తూ కలం పట్టారు. క్షయ మృత్యువుకు మారుపేరుగా ఉన్న రోజులవి. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ 1948 జులైలోనే ఆరంభమైంది. బతికి బయటపడిన ఆ ఇద్దరి హాస్యంలో తుళ్లిపడే ఉల్లాసం కంటే, మంచం మీద నుంచి లోకాన్ని ఓపికగా గమనించిన చూపు ఎక్కువ.

1954 నవంబరు 2న ‘హాన్‌కాక్స్ హాఫ్ అవర్’ రేడియోలో మొదలైంది. యుద్ధకాలపు ఆహార రేషన్ పూర్తిగా ఎత్తివేసి అప్పటికి నాలుగు నెలలే. అంతవరకు రేడియో హాస్యమంటే పాటలు, చమత్కారాలు, ఊతపదాలు, నడుమ అతిథులు. గాల్టన్, సింప్సన్ వాటిని పక్కన పెట్టి, అరగంటపాటు ఒకే కథను, ఒకే మనిషి స్వభావంలోంచి నడిపించారు. నేడు మనం సిట్‌కామ్ అని పిలిచే రూపానికి బ్రిటన్‌లో గట్టి పునాది పడిన చోటు అదే. నటుడి పేరే పాత్రకు పెట్టి, దానికి ఆంథొనీ అలోషియస్ సెయింట్ జాన్ హాన్‌కాక్ అని బారెడు తోక తగిలించారు. చిరునామా: 23, రైల్వే కటింగ్స్, ఈస్ట్ చీమ్. చీమ్ అనే పేట లండన్ శివారులో నిజంగా ఉంది. ఈస్ట్ చీమ్ మాత్రం లేదు.

ఈ కల్పిత పెద్దమనిషి వేషం బొచ్చు కాలరు కోటు, దొరల టోపీ. జేబులో మాత్రం చిల్లిగవ్వ ఉండదు. తానొక మేధావినని, లోకం గుర్తించడంలో ఆలస్యమవుతున్నదని అతని నమ్మకం. ఇరుగుపొరుగు తన స్థాయికి తగరు. చదువు మీద గౌరవమెంతో, చదివింది అంతంతమాత్రం. పక్కనే సిడ్ జేమ్స్ పోషించిన జిత్తులమారి మిత్రుడు ఉంటాడు. హాన్‌కాక్ గాలిలో మేడ కట్టిన ప్రతిసారీ, ఆ మేడకు అద్దె ఎంతని అడిగే మనిషి అతడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన సిడ్ జేమ్స్ నలిగిన ముఖం, బొంగురు నవ్వు లేకపోతే హాన్‌కాక్ గొప్పలు కేవలం గొప్పలుగానే మిగిలిపోయేవి.

టెలివిజన్‌లో తొలి ప్రసారం 1956 జులై 6న. ఇరవై రోజులకు, జులై 26న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశారు. ఆ శరదృతువులో ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌లతో కలిసి బ్రిటన్ దాడికి దిగింది. భారత్ ఆ దాడిని గట్టిగా ఖండించింది. చివరకు అమెరికా ఒత్తిడికి తలవంచి బ్రిటన్ వెనక్కి మళ్లింది. పాత కోటు వేసుకుని, ఎదుటివారు తనకు లేచి నమస్కరించాలని ఆశించి, భంగపడి ఇంటికి తిరిగివచ్చే మనిషిని అదే సంవత్సరం ఆ దేశం చూసి నవ్వుకుంది. రచయితలు సూయజ్‌ను దృష్టిలో పెట్టుకుని ఆ పాత్రను సృష్టించలేదు. పాత్ర రెండేళ్ల ముందే రేడియోలో పుట్టింది. కానీ ప్రేక్షకులు ఆ మనిషిలో దేన్ని గుర్తుపట్టి నవ్వారో ఊహించడం కష్టం కాదు.

1959 అక్టోబరులో, కన్సర్వేటివ్ పార్టీ వరుసగా మూడోసారి గెలిచిన నెలలోనే, ఒక జ్యూరీ కథ ప్రసారమైంది. జ్యూరీ పెద్దగా కూర్చున్న హాన్‌కాక్ న్యాయం గురించి ఆవేశంగా ఉపన్యసిస్తూ మాగ్నా కార్టాను తలచుకుంటాడు, అది ప్రాణాలర్పించిన ఒక వీరవనిత పేరన్న నమ్మకంతో. రాజ్యాంగాన్ని చదవకుండానే దాని పేరిట గుండెలు బాదుకునే ప్రజాప్రతినిధులను చూసిన మనకు ఆ హాస్యం వివరించనక్కరలేదు.

ఈ దశలో ఆయన ఫ్రీమన్ ఎదుట కూర్చున్నారు. ఫ్రీమన్ మామూలు వ్యాఖ్యాత కారు. లేబర్ పార్టీ ఎంపీగా, ఉపమంత్రిగా పనిచేసినవారు. ఆరోగ్య సేవలో కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టడంపై వివాదం చెలరేగినప్పుడు, 1951లో అన్యూరిన్ బెవన్, హెరాల్డ్ విల్సన్‌లతో పాటు పదవి వదులుకున్నారు. ఆయన ప్రశ్నలు సూటిగా, వ్యక్తిగతంగా ఉండేవి. తెర నిండా ఎదుటి ముఖమే. ధీమా, సంతోషం, సంతానం, విశ్వాసం వంటి విషయాలపై హాన్‌కాక్ తడబడుతూ, చెమటలు పడుతూ, నిజాయితీగానే జవాబిచ్చారు. కాస్త తేలికగా తప్పించుకోగల చోట కూడా తప్పించుకోలేదు. ఆ అరగంట తరువాతే ఆయన తనను తాను విప్పి చూసుకోవడం మొదలుపెట్టి, ఆపలేకపోయారని సోదరుడు రోజర్ అభిప్రాయపడ్డారు. నేరమంతా ఆ సంభాషణపై మోపడం న్యాయం కాదు. మద్యం, దిగులు అప్పటికే ఆయన జీవితంలో ఉన్నాయి. అయినా ప్రశ్నలడగడమే వృత్తిగా గల మాబోటివారు ఆ దృశ్యాన్ని చూసినప్పుడు కొంత ఇబ్బంది పడక తప్పదు.

హాన్‌కాక్‌కు అంతర్జాతీయ కీర్తి కావాలనిపించింది. ఊతపదాలు, వింత గొంతులు తన హాస్యాన్ని చౌకబారుగా మారుస్తున్నాయని ఆయన అంతకుముందు నుంచే భావిస్తూ వచ్చారు. రేడియోలో కెన్నెత్ విలియమ్స్ పాత్ర తగ్గుతూ పోయింది. బిల్ కెర్ టెలివిజన్ దాకా రాలేదు. సిడ్ జేమ్స్‌తో తమది జంటగా ముద్ర పడిందని భావించి, 1960 తరువాత ఆయననూ వద్దన్నారు. 1961లో సిడ్ లేకుండా వచ్చిన భాగాలు, చిత్రంగా, ఆయన అత్యుత్తమ కృషిలో చేరాయి. ఒంటరి గదిలో ఒక్కడే మాట్లాడుకుంటూ గడిపే కథ ఒకటి. అందులో బెర్ట్రాండ్ రస్సెల్ పుస్తకం తెరిచి, పుటపుటకూ నిఘంటువు వెతుక్కునే తీరు నవ్విస్తూనే మనసు కలచివేస్తుంది.

మరొకటి ‘ది బ్లడ్ డోనర్’, 1961 జూన్ 23న ప్రసారమైంది. దేశానికి ఏదైనా చేయాలన్న తపనతో హాన్‌కాక్ రక్తదానానికి వస్తాడు. రక్తమివ్వడమా, కన్సర్వేటివ్ యువజన విభాగంలో చేరడమా అని ఊగిసలాడి దీన్ని ఎంచుకున్నాడట. పరీక్ష కోసం వేలి కొసన తీసిన చుక్కతో పని పూర్తయిందనుకుంటాడు. ఒక పైంటు కావాలనగానే బెంబేలెత్తిపోతాడు. దాతలకు బిళ్ల ఇస్తే బాగుండునని, పేర్లు బయట పెడితే మరీ బాగుండునని అతని కోరిక. చివరకు ఇంట్లో చెయ్యి కోసుకుని అదే ఆస్పత్రికి వస్తే, అరుదైన ఆ వర్గం రక్తం అక్కడున్నది అతడిచ్చినదే. దాన్నే తిరిగి ఎక్కిస్తారు. డబ్బు, పేరు ఆశించకుండా అపరిచితునికి రక్తమిచ్చే వ్యవస్థ విలువేమిటో రిచర్డ్ టిట్‌మస్ 1970లో ఒక గ్రంథమే రాశారు. క్షయ వైద్యశాలలో పడుకుని లేచిన ఇద్దరు రచయితలు అదే సమస్యను తొమ్మిదేళ్ల ముందే అరగంటలో నవ్వుతూ తేల్చారు: సంక్షేమ రాజ్యం నిలవాలంటే మామూలు మనిషిలో దానగుణం ఉండాలి, ఆ మామూలు మనిషేమో తన బిళ్ల కోసం చూస్తుంటాడు.

ఆ భాగం చిత్రీకరణకు కొద్ది రోజుల ముందు హాన్‌కాక్ కారు ప్రమాదంలో గాయపడ్డారు. సంభాషణలు నేర్చుకునే వ్యవధి లేక, కెమెరా పక్కన రాసిపెట్టిన వాక్యాలను చదువుతూ నటించారు. ఇప్పుడు చూసినా ఆయన చూపు ఎదుటి నటుడి మీద కాకుండా పక్కకు పోవడం తెలుస్తుంది. ఆ ఊతకర్రను ఆయన మళ్లీ పూర్తిగా వదల్లేదు. అదే సంవత్సరం గాల్టన్, సింప్సన్‌లతోనూ తెగతెంపులు చేసుకున్నారు.

తరువాతి కథ రెండు దారుల్లో నడిచింది. ఖాళీ అయిన రచయితలకు బీబీసీ స్వేచ్ఛనిచ్చింది. 1962లో వారు ‘స్టెప్టో అండ్ సన్’ సృష్టించారు. పాత సామాన్లు కొని అమ్ముకునే తండ్రీకొడుకుల కథ అది. 1964 అక్టోబరు 15న పోలింగ్ సాయంత్రం దాని పునఃప్రసారం ఉందని తెలిసి, లేబర్ ఓటర్లు ఇల్లు కదలరేమోనని ప్రతిపక్ష నాయకుడు విల్సన్ కలవరపడ్డారు. ఆయన విన్నపంపై బీబీసీ అధిపతి హ్యూ గ్రీన్ ఆ ప్రసారాన్ని పోలింగ్ ముగిసే వేళకు జరిపారు. లేబర్ గెలిచింది, నాలుగు స్థానాల ఆధిక్యంతో. ఆ విల్సన్ ప్రభుత్వమే ఫ్రీమన్‌ను ఢిల్లీకి పంపింది.

హాన్‌కాక్ 1963లో వాణిజ్య టెలివిజన్‌కు మారారు. సినిమాలు చేశారు. కొత్త రచయితలు వచ్చారు, వెళ్లారు. కుటుంబ జీవితం చెదిరింది, తాగుడు ముదిరింది. 1968లో కొత్త ధారావాహిక కోసం ఆస్ట్రేలియా వెళ్లి, కొన్ని భాగాలు మాత్రమే పూర్తిచేసి, జూన్ 25న సిడ్నీలో తన ప్రాణం తానే తీసుకున్నారు. వయసు 44. ముప్పై నాలుగేళ్ల తరువాత, 2002లో, బీబీసీ రేడియో శ్రోతలు తమకెంతో ఇష్టమైన బ్రిటిష్ హాస్యనటుడిగా ఆయననే ఎన్నుకున్నారు.

ఆయన ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గాల్టన్, సింప్సన్ ఆ వాక్యాలను ఎవరికిచ్చినా ఆ దిగులు ముఖం, ఆ నిట్టూర్పు, ఆ మౌనం వచ్చేవి కావు. కానీ తెర మీది హాన్‌కాక్‌ను గాలిలోంచి నేలకు దించడానికి పక్కన ఎప్పుడూ ఒకరుండేవారు. నిజ జీవితంలోని హాన్‌కాక్ అలాంటివారిని ఒక్కరొక్కరుగా పంపించివేశారు. జనం తన కోసమే వస్తున్నారని నమ్మి, తన ఎదుగుదలకు అడ్డమనిపించిన సహచరులను వదిలించుకుని, చివరకు ఎవరో రాసిపెట్టినది చదివే స్థితికి చేరిన నాయకులు మన దేశంలోనూ, మన పొరుగు దేశాల్లోనూ కనబడతారు. తేడా ఏమిటంటే, హాన్‌కాక్ దెబ్బ ఆయనకూ ఆయనవారికీ తగిలింది. నాయకులు చేసుకున్న గాయానికి దేశాలు కట్టు కట్టుకోవాలి.

ఫ్రీమన్ ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కు రాయబారిగా వెళ్లారు. టెలివిజన్ సంస్థ నడిపారు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఇతరుల అంతరంగాన్ని తెరమీద విప్పించిన ఆయన తనది ఎవరికీ విప్పలేదు, ఆత్మకథ రాయలేదు. 2014 డిసెంబరులో, 99వ ఏట కన్నుమూశారు. 1960 నాటి ఆ సంభాషణలో ఒకరి ముఖమే మనకు కనబడుతుంది. చెమట పట్టిన ఆ ముఖం, అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పాలని ఇంకా ప్రయత్నిస్తూ ఉంటుంది.