పలకగా కాల్చి, ముక్కలుగా కోసి

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో పత్రికల వంటల పేజీల్లో, మైదాపిండి సంచుల వెనకవైపు, పాలడబ్బాల చుట్టూ అంటించిన కాగితాల మీద ఒకే తరహా వంట కనిపిస్తుంది. అన్నీ ఒక గిన్నెలో వేసి కలపాలి, వెన్న రాసిన పళ్ళెంలో పరవాలి, ఓవెన్‌లో పెట్టాలి, చల్లారాక కత్తితో నలుచదరంగా కోసుకోవాలి. దాన్ని కుకీ బార్ అంటారు. మినెసోటా, విస్కాన్సిన్ వైపు ఒట్టి ‘బార్’ అంటే చాలు. పల్లీ పట్టీకో మైసూర్ పాకుకో పళ్ళేనికి నెయ్యి రాసి, పాకం పోసి, వేడి మీదే గాట్లు పెట్టే మనవాళ్ళకు ఈ పద్ధతిలో వింతేమీ లేదు. కానీ దాని సొంత ఊళ్ళోనే దానికి కాస్త చిన్నచూపు. పిండిని పల్చగా ఒత్తి, నక్షత్రంగానో దేవదూతగానో అచ్చుతో కోసి, ఒక్కోదానికీ చక్కెర పూత వేస్తేనే అది అసలైన క్రిస్మస్ కుకీ అట. బార్ మాత్రం తీరికలేని ఇల్లాలు కనిపెట్టిన అడ్డదారి అట. పాత వంట పుస్తకాలనూ ఆ సరుకుల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నిలవదు. ఏ కాలంలోనైనా పండగ తీపి ‘సులువు’ అయిందంటే, దాని పని తగ్గి కాదు. ఆ పని ఎక్కడో మరొకరి చేతికి మారింది, లేదా కాలానికి అప్పగించబడింది. బార్ ఆ వరసలో చివరిది, అంతే.

నూరెంబర్గ్ నుంచి మొదలుపెట్టడం న్యాయం. జర్మనీలోని ఆ ఊరిని ఆనుకుని పెద్ద అడవి ఉంది. చెట్ల తొర్రల్లో తేనెటీగలను సాకే వృత్తివారు మధ్యయుగంలో అక్కడ ఉండేవారు. 1350లో రాజు నాలుగవ చార్లెస్ వాళ్ళకు ప్రత్యేక హక్కులు రాసిచ్చాడు. చక్కెర ఇంకా మందుల దుకాణంలో తూచి అమ్మే ఖరీదైన సరుకుగా ఉన్న రోజులవి. తీపి అంటే తేనే. వర్తక దారులు కలిసే ఊరు కనుక మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, శొంఠి అక్కడికి చేరేవి. దూరదేశం నుంచి వచ్చిన సుగంధ దినుసు ఏదైనా అప్పటి జర్మన్లకు ‘మిరియమే’. అందుకే మిరియపు గింజ ఒక్కటీ పడని తీపి రొట్టెకు కూడా కొన్ని ప్రాంతాల్లో మిరియాల కేకు అన్న పేరు ఉండిపోయింది. తేనె, పిండి, ఈ దినుసులు కలిస్తే లెబ్‌కూఖెన్. దాన్ని చేసేవాళ్ళు 1643లో మామూలు రొట్టెలవాళ్ళ నుంచి విడిపోయి తమకంటూ ఒక వృత్తి సంఘం కట్టుకున్నారు. తేనె కలిపిన పిండిముద్దను ఆ రోజే కాల్చేవారు కాదు. చల్లటి చోట వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నాననిచ్చేవారు. ఇందులో ఇంటి వంటగదిలో జరిగిన పని ఎంత? తేనె తీసింది అడవివాళ్ళు, దినుసులు తెచ్చింది వర్తకులు, కాల్చింది సంఘం పనివాళ్ళు, పిండిని మెత్తబరచింది కాలం. ఇంటివాళ్ళకు మిగిలింది కొనడం, పంచడం. క్రిస్మస్ తీపి అంటే మొదట్నుంచీ అమ్మ చేతి వంటే అన్న నమ్మకం చాలా ఇటీవలిది.

ఆకారం మాటకొస్తే, చెక్క అచ్చుల్లో ఒత్తి బొమ్మలు తేల్చిన లెబ్‌కూఖెన్ ఉండేది, గుండ్రంగా చేసినదీ ఉండేది. ‘చూశారా, అచ్చు కూడా పాతదే కదా’ అంటే కాదనను. అయితే పలక కూడా అంత పాతదేనని స్విట్జర్లాండ్‌లోని బాజెల్ ఊరి లెకర్లి చెబుతుంది. తేనె, బాదం, చక్కెరలో ఊరిన నారింజ తొక్క, కిర్ష్ అనే చెర్రీ సారా కలిపిన పిండిని ఒక్క పలకగా పరిచి కాలుస్తారు. పొయ్యిలోంచి తీసిన వెంటనే చక్కెర పాకం పూసి, వేడి ఆరకముందే చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. 18వ శతాబ్దానికే ఈ పేరూ ఈ తీపీ అక్కడ స్థిరపడ్డాయి. ఇది బద్ధకం వల్ల పుట్టిన ఆకారం కాదు. తేనె పిండి చేతికి అతుక్కుంటుంది, ఒత్తబోతే సాగుతుంది. గుండ్రంగా కోస్తే మధ్యలో మిగిలిన పిండిని మళ్ళీ ముద్ద చేసి ఒత్తాలి, అలా ఒత్తినకొద్దీ అది గట్టిపడుతుంది. నలుచదరంగా కోస్తే వృథా పోయేది ఏమీ ఉండదు. ఖరీదైన బాదం, దినుసులు పడిన పిండి విషయంలో ఇది చిన్న లాభమేమీ కాదు.

అట్లాంటిక్ దాటితే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కుకీ అన్న మాటే న్యూయార్క్ ప్రాంతపు డచ్చివాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. వాళ్ళ భాషలో దాని అర్థం చిన్న కేకు. 1796లో హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయిన అమీలియా సిమన్స్ ‘అమెరికన్ కుకరీ’, ఒక అమెరికన్ రాసి అక్కడే అచ్చువేయించిన మొదటి వంట పుస్తకంగా పేరుపొందింది. అందులో క్రిస్మస్ కుకీ ఉంది. మూడు పౌన్ల పిండి, ఒక పౌను వెన్న, ఒకటిన్నర పౌన్ల చక్కెర, ఒక టీ కప్పు ధనియాల పొడి. అవును, ధనియాలే, చారులో తప్ప వాటిని ఊహించుకోలేని మనకు ఇది నవ్వు తెప్పించవచ్చు. పిండిని ముప్పావు అంగుళం మందంగా ఒత్తమంది ఆమె. ఇప్పటి బార్ మందం దాదాపు అంతే. కాల్చాక అవి రాళ్ళలా ఉంటాయని ఆమెకు తెలుసు. మట్టికుండలో వేసి నేలమాళిగలో ఉంచితే ఆరు నెలలకు మెత్తబడి బాగుంటాయని ఆ వంటలోనే చెప్పింది. ఆ లెక్కన డిసెంబరు పండగకు జూన్‌లోనే కాల్చుకోవాలి. నూరెంబర్గ్‌లో కాల్చకముందు కాలం చేసిన పని, ఇక్కడ కాల్చాక చేస్తోంది.

అదే వంటలో మరో వస్తువు ఉంది, మూడు టీస్పూన్ల పెర్ల్‌యాష్. పిండి పొంగడానికి వేసే ఈ తెల్లటి పొడి కట్టెల బూడిద నుంచి వచ్చేది. వలసదారులు వ్యవసాయం కోసం అడవులు నరికి తగలబెట్టారు. ఆ బూడిదలో నీళ్ళు పోసి వడకట్టి, ఆ నీటిని ఇనుప కుండల్లో ఇగరబెట్టి పొటాష్ తీసేవారు. దాన్ని ఇంకా శుద్ధి చేస్తే పెర్ల్‌యాష్. అమెరికా ప్రభుత్వం 1790లో ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు ఈ పొడి తయారీకే, శామ్యూల్ హాప్‌కిన్స్ అనే ఆయనకు. అంతకుముందు కేకు పొంగాలంటే గుడ్లను గంటల తరబడి గిలకొట్టాలి, లేదా ఈస్టు పులిసేదాకా ఆగాలి. మూడు చెంచాల పొడి ఆ చేతినొప్పిని తీసేసింది. ఆ నొప్పి ఎటు పోయిందంటే, గొడ్డలి పట్టినవాడి భుజాల్లోకి, బూడిద కుండల దగ్గర కూర్చున్నవాడి కళ్ళలోకి. ఆ తర్వాత వంటసోడా, బేకింగ్ పౌడరు వచ్చి పెర్ల్‌యాష్‌ను మరిపించాయి. అప్పుడు ఈ పని రసాయన కర్మాగారానికి మారింది.

ఇప్పటి బార్‌కు కావలసిన మిగతా సరంజామా 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం నడిమి దాకా ఒక్కొక్కటిగా సమకూరింది. ఫానీ ఫార్మర్ 1896 నాటి బోస్టన్ వంటబడి పుస్తకం కప్పులనూ చెంచాలనూ అంచుకు సరిగ్గా కొలవమని పట్టుబట్టింది. కొలత ఖాయమైతే వంట చేతివాటం నుంచి కాగితం మీదికి వస్తుంది, పొట్లం వెనక అచ్చువేయవచ్చు. ఆ 1896 పుస్తకంలో బ్రౌనీ అన్న పేరుతో ఉన్నవి చిన్న అచ్చుల్లో కాల్చిన మొలాసిస్ కేకులు, వాటిలో చాక్లెట్ లేదు. 1906 కూర్పుకు వచ్చేసరికి బ్రౌనీ ఒకే పళ్ళెంలో కాల్చి కోసే చాక్లెట్ ముక్క అయింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వచ్చే మహిళల భోజనపు డబ్బాల కోసం దాన్ని తామే కనిపెట్టామని ఆ ఊళ్ళోని పామర్ హౌస్ హోటల్ చెప్పుకుంటుంది. దానిదేముంది, ప్రతి పేరున్న మిఠాయికీ ఒక హోటలు తండ్రినంటుంది. ఆ తర్వాత గ్యాస్ ఓవెన్‌కు వేడిని అదుపులో ఉంచే మీట వచ్చింది. అదివరకు పొయ్యిలో చెయ్యి పెట్టి, ఎంతసేపు ఓర్చుకోగలిగితే అంత వేడి అని లెక్క. విడి కుకీలు ఒక్కో పళ్ళెం పదినిమిషాల చొప్పున నాలుగైదు వాయిలు కాల్చాలి, ప్రతి వాయికీ కాపలా కాయాలి. బార్ అరగంట పాటు ఒక్కసారే కాలుతుంది. తొమ్మిదికి పదమూడు అంగుళాల పళ్ళెంలో రెండు డజన్ల ముక్కలకు లోటుండదు.

వీటన్నిటికంటే పెద్ద మార్పు డబ్బాలో వచ్చింది. గెయిల్ బోర్డెన్ 1856లో పాలను చిక్కబరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యం కొనుగోళ్ళతో ఆ వ్యాపారం నిలదొక్కుకుంది. కోవా కోసం పాలను అడుగంటకుండా గంటల తరబడి కలిపిన చేతులకు ఈ డబ్బా విలువ చెప్పనక్కరలేదు. అమెరికాలో క్రిస్మస్‌కు ఎక్కువగా చేసే ఒక బార్ చూడండి. అడుగున గ్రాహమ్ బిస్కట్ల పొడి, దానిమీద చాక్లెట్ బిళ్ళలు, కొబ్బరి తురుము, అక్రోటు పలుకులు, పైన ఒక డబ్బా చిక్కటి పాలు. పిండి కలపడమే లేదు! కాల్చిన బిస్కట్టు ముందే ఉంది, మరిగిన పాలు ముందే ఉన్నాయి. చాక్లెట్ బిళ్ళలు కూడా 1930ల చివర్లో రూత్ వేక్‌ఫీల్డ్ చాక్లెట్ ముక్కలు వేసి చేసిన టోల్ హౌస్ కుకీకి పేరు వచ్చాక నెస్లే తయారుచేసి అమ్మిన సరుకే. గ్రాహమ్ సంగతి మాత్రం విధి వెక్కిరింత. సిల్వెస్టర్ గ్రాహమ్ 19వ శతాబ్దపు మతబోధకుడు. జల్లించని పిండి తినండి, మసాలాలు మానండి, నాలుక రుచులకు లొంగకండి అని ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఆయన పేరు మోస్తున్న బిస్కట్టు ఇప్పుడు ఇంట్లో అన్నిటికంటే తియ్యటి వంటకు పునాది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ఇదంతా కంపెనీలు తమ డబ్బాలు అమ్ముకోవడానికి సృష్టించిన ఆచారం, దీనికి చరిత్రేమిటి అని. కంపెనీల చెయ్యి ఉన్న మాట నిజమే. బెట్టీ క్రాకర్ అన్న ఇల్లాలే లేదు. 1921లో మినెసోటాలోని ఒక పిండిమరల కంపెనీ ఉత్తరాలకు జవాబివ్వడానికి పెట్టుకున్న పేరది. ఆ పేరుతో 1963లో వచ్చిన కుకీల పుస్తకం ఎన్నో ఇళ్ళలో బార్లకు బాట వేసింది. మరమరాల్లాంటి రైస్ క్రిస్పీలను కరిగిన మార్ష్‌మాలోలో కలిపి పళ్ళెంలో ఒత్తి కోసే బార్‌ను 1939లో కెలాగ్స్ కంపెనీ వంటగదిలో మిల్డ్రెడ్ డే, మలిట్టా జెన్సెన్ తయారుచేశారు. కానీ అది జనంలోకి వెళ్ళింది క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే ఆడపిల్లల సంఘం విరాళాల కోసం చేసి అమ్మడం వల్ల. వ్యాపారి వంటను ఇవ్వగలడు, దాన్ని ఎవరికి ఎప్పుడు పెట్టాలో నిర్ణయించేది జనమే. పైగా అమ్మకం కోసం పుట్టింది ఆచారం కాదంటే, సంఘం కట్టి హక్కులు కాపాడుకున్న నూరెంబర్గ్ పనివాళ్ళ లెబ్‌కూఖెన్‌ను కూడా పండగ పళ్ళెంలోంచి తీసెయ్యాలి.

రెండో అభ్యంతరం బలమైనది. యంత్రాలు, డబ్బా సరుకులు వచ్చి ఆడవాళ్ళ పని తగ్గించలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్ట్స్ కోవన్ 1983లో ఒక పుస్తకమే రాసింది. పని సులువైనకొద్దీ ఇంటి నుంచి ఆశించేది పెరిగింది, మొగవాళ్ళూ పిల్లలూ చేసే భాగం పోయింది, అంతా ఒక్క మనిషి మీద పడింది అన్నది ఆమె వాదం. కుకీల విషయంలో ఇది అక్షరాలా జరిగింది. ఒక రకం చేసిన ఇంట్లో ఆరు రకాలు చేయాల్సి వచ్చింది. ఇరుగుపొరుగు డజన్ల లెక్కన ఇచ్చిపుచ్చుకునే క్రిస్మస్ విందులు వచ్చాయి. ఇది ఒప్పుకుంటూనే నేను అనేదేమిటంటే, బార్‌ను ఆ ఒత్తిడికి గుర్తుగా కాక, దానికి ఇచ్చిన జవాబుగా చూడాలి. నక్షత్రాల అచ్చుతో ఆరు రకాలు చేయమన్న పండగకు, ఇల్లాలు ఒక పళ్ళెం కాల్చి ముప్పై ముక్కలు కోసి చూపించింది. ఆ నలుచదరపు ముక్కను చిన్నచూపు చూసేవాళ్ళు సాధారణంగా అచ్చులు కడిగేవాళ్ళు కారు.

బార్ అన్నిటికంటే గట్టిగా నాటుకున్నది మినెసోటా చుట్టుపక్కల, జర్మనీ నుంచీ నార్వే, స్వీడన్ల నుంచీ వచ్చిన లూథరన్ల చర్చిల కింది హాళ్ళలో. పెళ్ళికీ చావుకీ క్రిస్మస్ కార్యక్రమానికీ అక్కడ బల్లలు నింపేది అవే. ఈ లూథరన్లకు మనతో ఒక పాత చుట్టరికం ఉంది. 1842లో గుంటూరులో మిషన్ ప్రారంభించిన ఫాదర్ హయ్యర్ ఆ తర్వాత మినెసోటాకు వెళ్ళి, 1860లో అక్కడి లూథరన్ సినడ్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. 1869లో ముసలితనంలో మళ్ళీ బయల్దేరి రాజమండ్రి చేరాడు. అప్పటికి మినెసోటాలో బార్లు లేవు, కనుక ఆయన సామానులో వాటిని వెతకనక్కరలేదు. అయినా రెండుచోట్లా పండగ పని ఎలా పంచుకున్నారో పోల్చి చూడవచ్చు. గుంటూరు, కృష్ణా జిల్లాల క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్‌కు అరిసెలు, కజ్జికాయలు, చక్కిలాలు ఇంట్లో వండారు. కేకును బేకరీకి వదిలేశారు. సికింద్రాబాదులో కొన్ని కుటుంబాలు మధ్యేమార్గం పట్టాయి: పిండి ఇంట్లో కలిపి, గిన్నెతో బేకరీకి మోసుకెళ్ళి, అక్కడి పొయ్యిలో కాల్పించుకుని తెచ్చుకున్నాయి. మినెసోటాలో దీనికి ఎదురు. సరుకంతా బయట తయారై వచ్చింది, కాల్చడం మాత్రం ఇంట్లో మిగిలింది. కాల్చిన పళ్ళెం చర్చికి వెళ్ళేముందు దాని అడుగున చిన్న టేపు ముక్క అంటించి ఇంటిపేరు రాస్తారు. హాల్లో ముప్పై పళ్ళేలు ఒకే కొలతలో ఉంటాయి కదా, బార్లు అయిపోయాక ఎవరిది వాళ్ళకు చేరాలి.